జేబులో పెట్టుకునే మడత కత్తికి 15 వేలు పెట్టొచ్చా? కొనేముందు ఇలా తేల్చుకోండి

మా మామిడి తోట పాకాల దగ్గర. దామలచెరువు మండీకి కాయ తోలే రోజుల్లో జేబులో కత్తి లేకుండా గడప దాటను. గోతాం కుట్టు విప్పాలన్నా, పురికొస తెంపాలన్నా, 16 ఎంఎం డ్రిప్ పైపు కోసి జాయింటర్ పెట్టాలన్నా, వానాకాలంలో అంటు కట్టాలన్నా అదే కావాలి. ఇప్పుడు నా దగ్గర మూడున్నాయి. ఒకటి ఫ్రాన్స్ వాళ్ల ఒపినెల్, చెక్క పిడిది. ఇంకోటి స్విట్జర్లాండ్ విక్టోరినాక్స్. మూడోది మా బామ్మర్ది అమెరికా నుంచి వస్తూ తెచ్చిన బెంచ్‌మేడ్ కంపెనీ బగౌట్. డబ్బు నాదే. అక్కడ దాని ధర 180 డాలర్ల చుట్టూ ఉంటుంది, అంటే మన లెక్కలో 15 వేల పైమాటే.

దాన్ని చూసినవాళ్లంతా అడిగేది ఒకటే. "అంత పెట్టాల్సిన వస్తువేనా అన్నా ఇది?"

దీనికి అందరికీ సరిపోయే జవాబు లేదు. కానీ మీ మటుకు మీరు తేల్చుకునే పద్ధతి ఉంది. పదిహేను రోజులు పడుతుంది, చేతి ఖర్చు కొన్ని వందలు. ఆ మాత్రం ఓపిక లేకుండా వేలకు వేలు పెట్టి, తర్వాత బీరువాలో పడేసినవాళ్లను చూశాను కాబట్టే ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదట: పదిహేను రోజులు చీటీ రాయండి

రోజూ ఏం కోశారో ఒక చీటీలో గానీ ఫోన్‌లో గానీ రాసుకోండి. కత్తితోనే కోసినవి రాస్తే చాలదు. కత్తి లేక పళ్లతో కొరికినవి, తాళంచెవితో చింపినవి కూడా రాయండి. కొరియర్ అట్టపెట్టె, ఎరువు బస్తా, నిమ్మకాయ, ప్లాస్టిక్ ట్యాగ్, మామిడికాయ, కరెంటు తీగ తొడుగు, ఏదైనా సరే.

పదిహేనో రోజు చీటీ చూస్తే సగం సంగతి తెలిసిపోతుంది. రోజుకు ఒకటో రెండో కోతలు, అవీ కవర్లు, పెట్టెలే అయితే మీకు పెద్ద కత్తి అక్కర్లేదు. తిరుపతిలో ఆఫీసు పని చేసే మా తమ్ముడి చీటీలో పదిహేను రోజులకు పదకొండు కోతలు తేలాయి, అందులో ఎనిమిది పార్శిళ్లు. నా చీటీలో జూన్ నెలలో ఒక్క రోజుకే నలభై దాటాయి. మా ఇద్దరికీ ఒకే కత్తి ఎలా సరిపోతుంది?

చీటీ కింద ఇంకో లెక్క కూడా వేయండి. గత 5 ఏళ్లలో గొడుగులు, పెన్నులు, కళ్లజోళ్లు, టార్చిలైట్లు ఎన్ని పోగొట్టుకున్నారు? నిజాయితీగా రాయండి. 15 వేల కత్తి పదేళ్లు ఉంటే రోజుకు నాలుగు రూపాయలు పడుతుంది. అదే చెరకు తోటలో ఆరో నెలలో జారిపోతే రోజుకు ఎనభై పైన. కొనేటప్పుడు చాలామంది మొదటి లెక్కే వేసుకుంటారు.

డబ్బు ఎక్కడికి పోతోందో చూడండి

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, మోసపోయేదీ బాగుపడేదీ ఇక్కడే.

కత్తి ధర పెరిగేకొద్దీ మారేవి ముఖ్యంగా మూడు: బ్లేడు ఉక్కు, తెరిచాక బ్లేడును పట్టి ఉంచే లాక్, పిడీ దాని అమరికా. బాగా కోయడం అనేది ఈ మూడింటిలో ఏ ఒక్కదానిమీదా పూర్తిగా ఆధారపడదు. అది బ్లేడు పలుచదనం మీద, సాన మీద ఉంటుంది. తిరుమల కల్యాణకట్టలో తలనీలాలు తీసే బ్లేడు గుర్తు తెచ్చుకోండి. దాని మందం మిల్లీమీటర్‌లో పదో వంతు. ఖరీదు చూస్తే చిల్లర డబ్బులే. అంత పదునైన వస్తువు మన ఇళ్లల్లో ఇంకోటి ఉండదు.

అందుకే ఒపినెల్ నంబర్ 8 నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది. 8.5 సెంటీమీటర్ల బ్లేడు, 2 మిల్లీమీటర్ల మందం కూడా లేని వెన్ను (పదునుకు ఎదురువైపు అంచు). పండిన బేనీషా మామిడిని కోస్తే ముక్క దానంతటదే విడిపోతుంది. 400 డాలర్లు దాటే సెబెంజా అనే అమెరికా మడత కత్తి లాంటివాటి వెన్ను 3 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. గట్టి పనికి అది బలమే. అదే మందంతో పచ్చి తోతాపురిని కోయబోతే, కాయ తెగడం మానేసి పగులుతుంది. ఊరగాయ ముక్కలు కొట్టేవాళ్లకు ఈ తేడా చెప్పకుండానే తెలుసు.

మరి ఖరీదైన ఉక్కు దేనికి? పదును నిలవడానికి. విక్టోరినాక్స్ వాళ్ల ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ కొలతలో 56 దగ్గర ఉంటుంది. కాస్త మెత్తన, త్వరగా మొద్దుబారుతుంది, అంతే త్వరగా ఏ రాయిమీదైనా పదునెక్కుతుంది. బగౌట్‌లో ఉన్నది ఎస్30వి. అమెరికాలో క్రూసిబుల్ కంపెనీ కత్తుల కోసమే తయారుచేసి 2001లో తెచ్చిన ఉక్కు ఇది. సెబెంజా చేసిన క్రిస్ రీవ్ దాని రూపకల్పనలో పాలు పంచుకున్నాడు. అందులో సుమారు 4 శాతం వనాడియం ఉంటుంది. ఆ వనాడియం కార్బన్‌తో కలిసి ఉక్కులో చాలా గట్టి రేణువులుగా మారుతుంది. అట్టపెట్టెలు, పురికొస లాంటివి పదునును అరగదీస్తుంటే ఆ రేణువులు అడ్డుకుంటాయి. కాయల సీజన్‌లో నా విక్టోరినాక్స్‌కు వారానికోసారి రాయి చూపించాల్సి వచ్చేది. బగౌట్‌కు సీజన్ మొత్తంలో రెండుసార్లే పట్టాను.

అయితే ఆ గట్టిదనమే సాన దగ్గర ఎదురు తిరుగుతుంది. మన హార్డ్‌వేర్ షాపు రాళ్లలో ఉండే గింజల కంటే ఆ వనాడియం రేణువులే గట్టివి. ఒకసారి మా వీధికొచ్చిన సాన సైకిలాయనకు ఇచ్చాను. చక్రం మీద రెండుసార్లు ఆనించి, వేలితో తడిమి, "ఇదేం ఇనుమన్నా, రాయి పట్టడం లేదే" అని తిరిగి ఇచ్చేశాడు. ఇంకాస్త గట్టిగా పట్టించి ఉంటే వేడికి అంచు చెడిపోయేది. ఆయన ఆపడమే మేలైంది. ఇలాంటి ఉక్కుకు డైమండ్ ప్లేట్ (వజ్రపు పొడి అంటించిన సాన పలక) కావాలి, దాని ధర కూడా కత్తి ధరలో కలుపుకోండి.

తుప్పు మాట కూడా చెప్పాలి. ఒపినెల్‌లో కార్బన్ ఉక్కు రకం ఉంది, స్టెయిన్‌లెస్ రకం ఉంది. మామిడి పులుపుకు, సొనకు కార్బన్ ఉక్కు పది నిమిషాల్లో నల్లబడుతుంది, ముక్కకు ఇనుప వాసన వస్తుంది. మన ప్రాంతంలో కాయలు కోసేవాళ్లు స్టెయిన్‌లెస్సే తీసుకోండి. ఇంకో సంగతి, ఒపినెల్ పిడి చెక్క కాబట్టి అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానల్లో నాని ఉబ్బి, తెరవడానికి మొండికేస్తుంది. ఒకటి రెండు రోజులు నీడలో ఆరితే సర్దుకుంటుంది.

లాక్ విషయంలో మాత్రం పిసినారితనం వద్దు

బగౌట్ రాకముందు సంగతి. ఆన్‌లైన్‌లో ఒక అమ్మకందారు దగ్గర 900 రూపాయలకు మెరిసిపోయే మడత కత్తి కొన్నాను. బొమ్మలో పెద్ద కంపెనీ కత్తిలాగే ఉంది. డ్రిప్ పైపు కోస్తుంటే బ్లేడు పైపులో ఇరుక్కుంది. వెనక్కి లాగి కాస్త వంచానంతే, లాక్ జారి బ్లేడు నా చూపుడువేలి మీదికి మడుచుకుంది. నాలుగు కుట్లు పడ్డాయి. ఎడమచేత్తో రుమాలు చుట్టుకుని బండి తోలుకుంటూ పాకాల పోయాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

ఆ తర్వాతే లాకుల గురించి శ్రద్ధగా చూడటం నేర్చుకున్నాను. ఆ చౌక కత్తిలో బ్లేడు వెనక ఆని లాక్‌గా నిలవాల్సిన లోపలి రేకు అగ్గిపుల్ల మందం కూడా ఆనలేదు. బగౌట్‌లో పిడికి అడ్డంగా స్ప్రింగుల మీద ఒక ఉక్కు కడ్డీ ఉంటుంది, బ్లేడు తెరవగానే దాని వెనక్కొచ్చి కూర్చుంటుంది. సెబెంజాలో టైటానియం పిడిలోని ఒక భాగమే లాక్‌గా పనిచేస్తుంది. అలాగని లాక్ బాగుండాలంటే వేల రూపాయలు పోయాల్సిందే అనుకోకండి. ఒపినెల్‌లో 1955 నుంచి ఉన్నది మామూలు ఇనుప కట్టు. తెరిచాక వేలితో తిప్పితే బ్లేడు కదలదు. ధర తక్కువైనా నమ్మదగ్గది. విక్టోరినాక్స్‌లో చిన్న కత్తులకు చాలావాటికి లాకే ఉండదు, స్ప్రింగు బిగువే ఆధారం. పండు కోయడానికి, దారం తెంపడానికి చాలు. మొన గుచ్చి తిప్పే పనికి వాడకూడదు.

కొనకముందే సాన నేర్చుకోండి

ఈ ఒక్క మెట్టు దాటని వాళ్లు ఖరీదైన కత్తి జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను. ఎంత గొప్ప ఉక్కయినా ఒకరోజు మొద్దుబారుతుంది. ఆ రోజు నుంచి మీ దగ్గరున్నది 15 వేల మొద్దు కత్తి.

ఇంట్లో ఉన్న పాత చాకు తీసుకోండి. హార్డ్‌వేర్ షాపులో ఒకవైపు గరుకు, ఒకవైపు నునుపు ఉండే రాయి అడగండి. తడిగుడ్డ పరిచి దాని మీద రాయి పెడితే జారదు. కోణం కుదరడమే కష్టం కాబట్టి ఈ చిట్కా పాటించండి. చతురస్రం కాగితం మూలను తీసుకుని ఒక మడత పెడితే 45 డిగ్రీలు, ఇంకో మడత పెడితే 22న్నర. ఆ ముక్కను రాయి పక్కన నిలబెట్టి, కత్తిని దానికంటే ఒక్క పిసరు తక్కువ కోణంలో పట్టుకోండి. చెయ్యి ఆ వాలుకు అలవాటు పడేదాకా కాగితం అక్కడే ఉంచండి.

ఒకవైపే నెమ్మదిగా రుద్దుతూ పోండి. కాసేపటికి అవతలి వైపు అంచును బొటనవేలితో అడ్డంగా, అంచు వెంబడి కాకుండా బయటికి తడిమితే సన్నటి గరుకు తగులుతుంది. అది పిడి దగ్గర నుంచి మొన దాకా వచ్చాకే కత్తి తిప్పండి. అందరూ తప్పు చేసేది ఇక్కడే, గరుకు రాకముందే తిప్పేస్తారు, పదును రాలేదని రాయిని తిడతారు. రెండోవైపూ అలాగే చేసి, నునుపు వైపు తేలిగ్గా నాలుగైదు సార్లు లాగి, పాత తోలు బెల్టు మీద వెనక్కి వెనక్కి ఇరవైసార్లు దువ్వండి. దినపత్రిక కాగితాన్ని గాల్లో పట్టుకుని కోయండి. చిరగకుండా, చప్పుడు లేకుండా తెగితే మీకు సాన వచ్చినట్టే.

మా నాయన అంటు కట్టే కత్తి ఏ కంపెనీదో ఎవరికీ తెలియదు, పేరు ఎప్పుడో అరిగిపోయింది. మూడు నాలుగు నెలల వయసున్న మల్లిక రకం మామిడి పుల్ల తీసుకుని, వేళ్ల మధ్య పట్టుకుని, ఒక్క లాగుతో రెండంగుళాల ఏటవాలు కోత పెట్టేవాడు. ఆ కోత అద్దంలా ఉండేది. రెండోసారి కత్తి ఆనిస్తే ఆ పుల్ల పక్కన పడేసేవాడు. కోత చదునుగా లేకపోతే మొక్క పచ్చికీ పుల్ల పచ్చికీ మధ్య గాలి చేరి అంటు ఎండిపోతుంది. రోజూ పనిలోకి దిగేముందు ఐదు నిమిషాలు రాయి దగ్గర కూర్చునేవాడు. ఆ ఐదు నిమిషాలు మీకు కుదురుతాయా లేదా అన్నది కత్తి కొనేముందే ఆలోచించుకోండి.

చేతిలో పట్టుకుని ఇవి చూడండి

స్నేహితుడిది అడిగినా సరే, షాపులో అయినా సరే, ఖరీదైన కత్తిని ఒక్కసారన్నా పట్టుకోకుండా కొనొద్దు. మూసినప్పుడు బ్లేడు పిడి మధ్యలో ఉందా, ఒక పక్కకు వాలిందా చూడండి. తెరిచి, మొన దగ్గర వెన్ను పట్టుకుని అటూఇటూ, పైకీ కిందకీ కదపండి, వదులు ఉండకూడదు. వేళ్లు బ్లేడు దారిలో లేకుండా అరచేత్తో పిడి పట్టుకుని, వెన్ను మీద మెల్లగా ఒత్తి లాక్ జారుతుందేమో చూడండి. కొట్టి చూడొద్దు. తర్వాత మూడు నిమిషాలు పిడికిలి బిగించి ఉంచండి. జేబుకు తగిలించే క్లిప్ అరచేతిలో గుచ్చుకుంటే తోటలో గంట పని చేయలేరు. ఇక్కడ మాత్రం బగౌట్ నా మనసు గెలిచింది. 52 గ్రాముల బరువే, లుంగీ మడతలో పెట్టుకున్నా తెలియదు.

అసలు ధర, చట్టం, అలిపిరి

బయటి దేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం, కొరియర్ ఖర్చు కలుస్తాయి. ఇంకోటి, ఖరీదైన కత్తికి కంపెనీ ఇచ్చే జీవితకాల సేవ కూడా ఆ ధరలోనే ఉంటుంది. బెంచ్‌మేడ్ వాళ్లు కత్తిని శుభ్రం చేసి సాన పట్టి ఇస్తారు, కానీ ఆ కర్మాగారం అమెరికాలోని ఓరెగాన్ సిటీలో ఉంది. చిత్తూరు నుంచి అక్కడికి కత్తి పంపి తెప్పించుకునే ఖర్చుతో ఇక్కడ మంచి కత్తి వస్తుంది. అంటే మీరు వాడుకోలేని సేవకు కూడా డబ్బు కడుతున్నారు. ఈ ఒక్క కారణం చేత నా లెక్కలో ఆ ధరలో కొంత భాగం మనకు వృథాయే. ఇంట్లో ఎవరో ఒకరు ఏటా అమెరికా నుంచి వస్తూపోతూ ఉంటే సంగతి వేరు.

మరీ చవగ్గా కనబడే పెద్ద పేర్లను నమ్మకండి. 15 వేల కత్తి 2 వేలకు వస్తోందంటే అది ఆ కత్తి కాదు.

చట్టం విషయానికొస్తే, ఆయుధాల నియమాల్లో 9 అంగుళాల కంటే పొడవు, లేదా 2 అంగుళాల కంటే వెడల్పు ఉన్న బ్లేడుల ప్రస్తావన ఉంది. ఇంటి పనికి, వ్యవసాయానికి, పరిశ్రమలకు, శాస్త్ర పనులకు చేసినవాటికి అందులో మినహాయింపు ఇచ్చారు. మనం మాట్లాడుకునే జేబు కత్తులు మూడు మూడున్నర అంగుళాలే. అయినా ఎన్నికలప్పుడు, నిషేధాజ్ఞలు పెట్టినప్పుడు, జనం గుమిగూడే చోట్లకు వెంట తీసుకుపోకండి. పోలీసు అడిగితే చెప్పడానికి పని ఉండాలి. తోటలో ఉంటే ఆ పని కళ్లకు కనబడుతుంది. బస్టాండులో కనబడదు.

కొండకు పోయేటప్పుడు కత్తి ఇంట్లో పెట్టి పోండి. అలిపిరి తనిఖీలో చాకయినా పైకి పోనివ్వరు. జేబులో ఉన్నదని మరిచిపోయి, 15 వేల వస్తువును అక్కడ వదిలేయాల్సి వస్తే దర్శనం అయ్యేదాకా మనసు దాని మీదే ఉంటుంది. నాకు అలవాటుగా ముందురోజు రాత్రే మా ఇంటామె నా జేబులు తడిమి తీసేస్తుంది. రేణిగుంటలో విమానం ఎక్కేవాళ్లు కూడా చేతిసంచిలో పెట్టకూడదు, చెక్-ఇన్ బ్యాగులో వేయాలి.

ఇక తేల్చుకోండి

చీటీలో రోజుకు రెండు మూడు కోతలే ఉంటే విక్టోరినాక్స్ చిన్నదో, ఒపినెల్ స్టెయిన్‌లెస్సో తీసుకోండి, రాయి కొనుక్కోండి, అక్కడితో ఆపేయండి. వస్తువులు పోగొట్టుకునే అలవాటున్నవాళ్లదీ ఇదే దారి, చీటీలో ఎన్ని కోతలున్నా సరే.

రోజుకు ఇరవై ముప్పై కోతలుండి, అట్ట, తాడు, ప్లాస్టిక్ ఎక్కువగా కోస్తూ, పని మధ్యలో సాన పట్టే తీరిక లేనివాళ్లకు మంచి ఉక్కు పనికొస్తుంది. మండీ వాళ్లు, డ్రిప్ పనివాళ్లు, గోడౌన్లలో పనిచేసేవాళ్లు ఈ లెక్కలోకి వస్తారు. వాళ్లు 15 వేల దాకా పోవచ్చు. నేను పోయాను, సీజన్‌లో రోజూ వాడుతున్నాను, నష్టపోయానని ఒక్కరోజూ అనిపించలేదు.

40 వేల కత్తి సంగతి అడిగితే, అక్కడ కోత పెరగదు. పెరిగేది నగిషీ, అమరిక, మూసినప్పుడు వచ్చే ఆ మెత్తటి చప్పుడు. చేతిపనిని ప్రేమించేవాళ్లకు అది నిజమైన ఆనందమే, వాచీ మీద పెట్టినట్టు దాని మీద పెట్టుకోవచ్చు. తోట ఖర్చులో మాత్రం రాయకండి. పిల్లల ఫీజు కట్టే నెలలో కొనకండి.

కొన్నాక చేయాల్సింది తక్కువే. కాయ కోసిన వెంటనే బ్లేడు కడిగి తుడవండి, సొన ఎండితే కీలులో జిగురులా పట్టేస్తుంది. నెలకోసారి కీలులో కుట్టుమిషన్ ఆయిల్ ఒక్క చుక్క వేయండి. వంటనూనె వద్దు, అది కొన్నాళ్లకు బంకై దుమ్మును పట్టుకుంటుంది. బిల్లు ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి. తోటలో వాడేటప్పుడు పిడి రంధ్రానికి ఎర్రటి తాడు ఒక జానెడు కట్టండి. నా బగౌట్ రెండుసార్లు ఎండుటాకుల్లో పడిపోతే ఆ ఎర్రతాడే పట్టిచ్చింది.